అడవిని ఊడ్చిన కోడలు

అనగనగా కొండ మొదట్లో ఒక ఊరు ఉందటరా చిన్నీ. ఆ ఊళ్ళో ఇళ్ళ వెనక గోడలుండవు, అడవే ఉంటుంది. పొద్దున్నే మంచు దిగితే ఇల్లెక్కడ అయిపోయిందో, అడవెక్కడ మొదలైందో తెలియదు.

ఆ ఊరికి కొత్తకోడలుగా వచ్చింది నూకాలు. ఆమెకి శుభ్రం పిచ్చి. చీపురు పట్టిందంటే వాకిలి అద్దంలా మెరవాల్సిందే! వస్తూ వస్తూ కొంగున గుమ్మడి గింజలు ముడేసుకుని తెచ్చుకుంది. అవి చచ్చిపోయిన వాళ్ళమ్మ చేతి గింజలు. పుట్టింట్లో ఆ పాదు కూడా ఎండిపోయింది. మిగిలినవల్లా ఆ ముడిలో ఉన్నవే.

వాన పడగానే కొన్ని గింజలు నాటింది. చిట్టి చిట్టి మొలకలొచ్చాయి. తెల్లారి చూస్తే ఏముంది? ఎవరో మొదలంటా కొరికేశారు.

"ఈ చెత్తలోనే పురుగుంది" అనుకుంది నూకాలు. పెరడంతా ఊడ్చి ఆకులు తగలబెట్టింది. అప్పుడు ఆ ఆకుల కింద కాపురముండే పొడుగుమెడ పెంకుపురుగులు లేచి వెళ్ళిపోయాయి. ఆమె చూడనే లేదు.

మళ్ళీ నాటింది. మళ్ళీ కొరికేశారు. ఆ తర్వాత ఇంటి వెనక పొదలు కొట్టేసి, కూలిన మానుని కూడా పొయ్యిలో పెట్టేసింది. అప్పుడు పచ్చగా మెరిసే పెంకుపురుగులు వెళ్ళిపోయాయి.

మూడోసారీ అంతే. ఒళ్ళు మండిపోయి, చీపురు పట్టుకుని చెట్ల కిందకంటా వెళ్ళి ఊడ్చేసింది. అప్పుడు పెద్ద నల్ల పెంకుపురుగులూ వెళ్ళిపోయాయి. ఎండకి ఓర్చుకునే గోధుమరంగు రకం ఒక్కటే మిగిలింది. అదొక్కటీ ఎంతకని కాపలా కాస్తుంది, పాపం!

అత్త అప్పలనరసమ్మకి నవ్వాగలేదు. "ఏటే కోడలా, అడివిని కూడా ఊడ్చీసినావా? రేపు కొండకి కల్లాపి సల్లుతావేటి?" అంది.

నూకాలు నవ్వలేదు. కొంగు ముడి విప్పి చూసుకుంది. ఒక్కటే గింజ. అది కూడా పోతే అమ్మ పాదు ఇక ఈ భూమ్మీదే ఉండదు. ఏడుపొచ్చేసింది.

పొద్దు వాలుతుంటే, ఆ గింజని గుప్పిట్లో దాచుకుని, చీపురు తగలని లోపలి అడవికి వెళ్ళింది. అక్కడ ఆకుల మీద ఆకులు రాలి పరుపంత మెత్తగా ఉంది. తడిమట్టి వాసన. కొమ్మల్లోంచి తేనెరంగు వెలుతురు. కూర్చుందో లేదో కళ్ళు బరువెక్కాయి. ఎంత హాయిగా ఉందో!

అప్పుడు ఆకుల కింద సన్నగా అడుగుల చప్పుడు వినిపించింది. పొడుగుమెడవి, పచ్చగా మెరిసేవి, వీపున చుక్కలున్నవి, నల్లనివి... ఎన్ని రకాల పెంకుపురుగులో! ఒక నల్లది బూడిదరంగు లద్దెపురుగుని పట్టి లాక్కుపోతోంది. ఆ లద్దెపురుగు నోట్లో ఇంకా లేత మొలక ముక్కుంది.

"నా మొలకలు కొరికిన దొంగ ఇదా!" అంది నూకాలు.

"ఇదే" అంది నల్ల పెంకుపురుగు. "వీటిని తింటూ మేం మీ పెరట్లోనే ఉండేవాళ్ళం తల్లీ. నువ్వు దొంగని వదిలేసి మా ఇల్లు ఊడ్చేశావు."

"మళ్ళీ రారూ?"

"నాకు ఎగిరే రెక్కల్లేవు, నడిచే రావాలి. వట్టినేల మీద ఎండకి మాడిపోతాను. ఆకులుంటే వస్తాను."

అది కలో నిజమో నూకాలుకి తెలియలేదు. లేచి, తట్టనిండా ఆకులెత్తి, అడవి నుంచి పెరటి దాకా ఆకుల దారి పరిచింది. చీపురు పట్టుకుందామని చేతులు ఎంత లాగాయో! అయినా పట్టుకోలేదు. అది చూసి మొదట అత్త తల కొట్టుకుంది. ఆ తర్వాత ఆవిడా ఒక తట్ట అందుకుంది.

వానలు కురిశాయి. ఆకులు నానాయి. ఒక సాయంత్రం ఆ దారిలో చప్పుడైంది. ముందు నల్లవి వచ్చాయి. ఆ వెనక పచ్చవి. మెల్లగా పొడుగుమెడవి కూడా. అప్పుడు నూకాలు చివరి గింజ నాటింది. కొన్నాళ్ళకి చిట్టి మొలక తలెత్తింది.

తెల్లారి భయపడుతూ తలుపు తీసింది. మొలక నిలబడే ఉంది! ఆ తర్వాత అది తీగై, ఇంటి కప్పెక్కి, పూలు పూసి, కాయలు కాసింది. మొదటికాయ కోస్తే లోపలంతా గింజలే. "అమ్మ వచ్చేసింది అత్తా!" అని నూకాలు పసిపిల్లలా ఏడ్చింది.

ఊళ్ళో అడిగిన వాళ్ళందరికీ ఆ గింజలు పంచింది. ఇచ్చేముందు మాత్రం ఒక్కటే మాట తీసుకునేది, చెట్ల కింద ఊడ్వకూడదని. ఇవాళ నువ్వు మారాం చేసి చేసి తిన్న గుమ్మడికాయ పులుసుందే, అది ఆ పాదుదేరా చిన్నీ.

ఆకు కింద పురుగు మేలుకుంది,
మట్టి కింద గింజ పడుకుంది,
కథ కంచి దాకా నడిచింది,
మన చిన్ని కంటికి నిద్రొచ్చింది.