పాట తప్పు పాడిన పెంటమ్మ

కొండలింకా చిన్నపిల్లలై ఆడుకుంటున్న కాలమది. ఏ వాగు ఎటు పారాలో ఇంకా తేలని రోజులవి. అప్పుడు పెంటమ్మ అని ఒకామె ఉండేది. భుజాన సంచి, సంచిలో ఉలి, సుత్తి. "ఇసుర్రాళ్లకు గంట్లు వెడ్తనమ్మా" అంటూ ఊరూరా తిరిగేది. అరిగి నున్నబడ్డ తిరగలి రాయిలో జొన్నలు నలగవు కదా. పెంటమ్మ టకటకా గంట్లు కొడితే వెన్నెల్లాంటి పిండి రాలేది.

ఒకనాడు రాజవ్వ అనే ఇల్లాలు ఆమెను పిలిచింది. రాయి చూపిస్తూనే కళ్లు తుడుచుకుంది.

"రాయికైతే గంట్లు వెడ్తవు. మా అత్తకేం వెట్టాలె? మామ పోయినంక ఎవ్వరితోని మాట్లాడది. మేము గూడ పనులల్ల వడి పలకరిస్తలేం. పొద్దుగాల నన్నే వట్టుకొని, ఎవరమ్మా నువ్వు అన్నది."

అత్త బుచ్చవ్వ గోడకేసి తిరిగి కూర్చుంది. ఒకప్పుడు వాడకంతా విసురుపాటలు నేర్పిన మనిషి.

పెంటమ్మ రాయిని తెచ్చి ముసలమ్మ దగ్గరే వేసుకుంది. గంట్లు కొడుతూ పాట ఎత్తుకుంది, కావాలనే తప్పుగా.

"వానలు గురవంగ ఇప్పపూలు రాలె..."

బుచ్చవ్వ పెదవి కదిలింది. అంతే. పెంటమ్మ పని సగంలో ఆపి, "రేపొస్త" అని లేచింది.

రెండోనాడు పక్కింటి ముసలమ్మలిద్దరిని వెంటబెట్టుకొచ్చింది. ముగ్గురూ తప్పే పాడారు. బుచ్చవ్వ చెయ్యి మోకాలి మీద తాళం వేసింది. అంతే.

"ఇయ్యాల గూడ పలకకుంటే ఇగ రాకక్కా," అంది మూడోనాడు రాజవ్వ. "నాకు ఆశ వెట్టకు."

ఆనాడు వాడలోని ఆడవాళ్లంతా వచ్చారు. అందరూ ఒక్క గొంతుతో వానల్లో ఇప్పపూలు రాల్చారు.

బుచ్చవ్వ గిర్రున తిరిగింది.

"నోర్లు ముయ్యుండ్రే. వానకాలం ఇప్పపూలేంది? చెట్టు నవ్వుతది. ఎండలు మండంగ రాలె అనాలె. రాజవ్వా, గట్ల చూస్తవేంది, జొన్నలు తే."

రాజవ్వ కదల్లేదు. తన పేరు చెవిన పడ్డది. తర్వాత నవ్వింది, ఏడ్చింది, జొన్నల కోసం పరుగెత్తింది.

పోతూపోతూ పెంటమ్మ అంది: "రాయికి గంటు ఏడాదికోసారి చాలు బిడ్డా. మనిషికి రోజూ కావాలె."

పెంటమ్మ పోయి ఎన్ని తరాలైందో. గుడి లేదు, గోరీ లేదు. కానీ ఆ సీమలో పెద్దవాళ్లెవరైనా మాట తగ్గి మూలకు చేరితే, నలుగురూ పోయి చుట్టూ కూర్చుంటారు. పాట తప్పు పాడుతారు, తిథులు తప్పు చెప్తారు, వరసలు తప్పు కలుపుతారు. లోపలి నుంచి తిట్లు వినబడగానే గడపలో నిల్చున్నవాళ్లు నవ్వుకుంటూ అంటారు:

"పెంటమ్మ గంటు పడ్డదిరా."