ఆంబోతు తీర్పు

అనగా అనగా, కొండ కింద ఒక ఊళ్ళో తవిటమ్మ అని ఒక పడుచు ఉండేది. ఆ ఊళ్ళో మగవాడి మీద నింద పడితే పెద్దలు కూర్చుని మాట్లాడుకునేవారు. ఆడదాని మీద పడితే దొడ్డిలో నల్ల ఆంబోతు ముందుకి తోసేవారు. కుమ్మితే దొంగ, వదిలేస్తే మంచిది.

"ఆంబోతుకి ధర్మం తెలుసు" అనేవాడు ఊరిపెద్ద సింహాద్రి నాయుడు.

అప్పటికే ఇద్దరాడవాళ్ళని కుమ్మి చంపింది. ఇద్దరూ దొంగలేనని ఊరంతా నమ్మింది.

ఒక ఏడు విత్తనాల గాదె ఖాళీ అయింది. తాళంచెవి ఉండేది నాయుడి మొలతాడుకి. నింద పడింది మాత్రం, ఆ గాదె ముందు ఊడ్చే తవిటమ్మ మీద.

అప్పుడు మిట్టమధ్యాహ్నం ఆమెని దొడ్డిలోకి తోసి, బయట గడియ పెట్టేశారు. ఆంబోతు బుసకొట్టింది. కాలితో నేల గీరింది. తవిటమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది.

అప్పుడు కంచె సందులోంచి ఒక ముల్లుకర్ర లోపలికొచ్చింది, తల్లీ. చివర ఇనప మేకు. పట్టుకున్నది నాయుడి చెయ్యి. మేకు ఆంబోతు డొక్కలో కసుక్కున దిగింది. అది రంకె వేసి దూసుకొచ్చింది. తవిటమ్మ కళ్ళు మూసుకుంది.

వేడి ఊపిరి మెడకి తగిలింది. అంతే. ఆంబోతు ఆగిపోయింది.

ఆ తర్వాత నాయుడు రెండోసారి పొడిచాడు. దాని ఒళ్ళు వణికింది గానీ కొమ్ము వంచలేదు.

ఆ తర్వాత మూడోసారి, ఈమె పరిగెడితేనైనా కుమ్ముతుందని, కర్రని తవిటమ్మ మీదికే పోనిచ్చాడు. ఆంబోతు ఒక్క అడుగు వేసి అడ్డం నిలబడింది. మేకు మళ్ళీ దాని డొక్కలోనే దిగింది. నెత్తురు ఆమె పాదాల మీద పడింది.

"పశువు! దానికేం తెలుసు ధర్మం!" అని అరిచాడు నాయుడు.

చచ్చిపోయిన ఇద్దరిలో ఒకామె అక్క, ముసలి బంగారమ్మ, కంచె దగ్గరికొచ్చింది.

"మా సెల్లిని కుమ్మిన నాడు తెలుసన్నావు గదరా సింహాద్రీ! మరైతే నువ్వెల్లు లోపలికి. గాదె సంగతి ఆంబోతే సెప్తాది."

నాయుడు వెళ్ళలేదు. ముల్లుకర్ర వీపు వెనక దాచుకున్నాడు. ఊరంతా చూసింది. అప్పుడు ఆడవాళ్ళే వెళ్ళి గడియ తీశారు.

"మరి ముందు ఇద్దరినీ ఎందుకు కుమ్మింది అమ్మమ్మా?" అని అడిగింది మనవరాలు.

"అప్పుడూ ఇలాగే పొడిచాడు కదా, నొప్పి ఓర్చుకోలేక. ఈసారి ఓర్చుకుంది."

"అయితే దానికి మంచీ చెడూ తెలుసా?"

"ఏమోనే తల్లీ. నాయుడికి మాత్రం తెలుసు. తెలియకపోతే కర్ర దాచడం ఎందుకు?"

కథ కంచికి వెళ్ళింది,
ఆంబోతు మేతకి వెళ్ళింది,
ముల్లుకర్ర పొయ్యిలోకి వెళ్ళింది.
మనం మనింట్లోనే ఉన్నాం. గడియ లోపలివైపే ఉంది. పడుకో.