ముగ్గుపిండి శాసనం

లెక్కలు కట్టే యంత్రం ఏనుగంత పెట్టెలో కోటకు వచ్చిన రోజు ఊరంతా తిరునాళ్లే! మంత్రి పొంగిపోయి, రాళ్లు చెక్కే గవరయ్యను పిలిచాడు.

"'ఇంతకు మించిన యంత్రం ఇక పుట్టదు' అని రాతి మీద చెక్కు. తెల్లారేసరికి కోటగుమ్మం ముందు ఉండాలి. లేకపోతే నీ కొలువు ఊడుతుంది!"

తెల్లవారి మంత్రి రాజుగారితో వచ్చి చూస్తే, ఆ మాట వాకిట్లో ముగ్గుపిండితో రాసి ఉంది.

"రేపు ఊడిస్తే పోదట్రా?" మంత్రి మండిపడ్డాడు.

"పోనివ్వండయ్యా," అన్నాడు గవరయ్య. "నిరుడు ఇల్లంత యంత్రం వచ్చినప్పుడూ తమరు ఇదే మాట చెక్కించారు. ఆ రాయి మీద ఇప్పుడు మా ఆవిడ బట్టలుతుకుతోంది."

రాజు ఫక్కున నవ్వేలోగా కావలివాడు పరుగెత్తుకొచ్చాడు. "మహారాజా! కుంకుమ భరిణంత యంత్రం వచ్చింది. పాతదానికంటే పదిరెట్లు చురుకు!"

రాజు ఉత్సాహం పట్టలేక కేక పెట్టాడు.

"మంత్రీ, చీపురందుకో!"