మడి దండెం నేర్పిన బ్రేకు

కొండ కింది ఊళ్లో రోప్‌వే కంప్యూటర్లు తయారుచేసే అలివేణి తెలివైన పిల్లే కానీ, ఖాళీ చోటు కంటబడితే నింపేదాకా ఊరుకునేది కాదు. డబ్బా వెలితిగా ఉంటే మరమరాలు పోసేది. దండెం మీద జానెడు చోటుంటే చున్నీ ఆరేసేది.

ఆ కొండమీది నరసింహస్వామి గుడికి, తీగకు వేలాడే పెట్టెల్లో కూర్చుని వెళ్లేలా కొత్తగా రోప్‌వే వేస్తున్నారు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని అలివేణి నాయనమ్మ సుందరమ్మ, "మొదటి పెట్టెలో నేనే కూర్చుంటానే!" అని ముచ్చటపడుతుండేది.

గాలి విసురుగా వీస్తే పెట్టెను ఆపాల్సింది అలివేణి కంప్యూటరే. దాని ప్రాసెసర్ పక్కనే క్యాష్ అనే చిన్న మెమరీ ఉండేది. తరచూ వాడే ఆదేశాలూ బొమ్మలూ అందులో చేతికందేలా ఉండేవి. చోటు చాలకపోతే, చాలాసేపుగా వాడనివి బయటికి పోయేవి. మళ్లీ కావాలంటే దూరాన ఉన్న పెద్ద మెమరీ నుంచి తెచ్చుకోవాల్సిందే.

"అందులో కాస్త చోటు బ్రేకుకని విడిగా ఉంచమ్మా," అన్నారు పెద్ద ఇంజనీరు సర్వోత్తమరావుగారు.

"ఎప్పుడో పనిపడే బ్రేకుకు సొంత చోటెందుకు సార్, దండగ!" అని నవ్వేసింది అలివేణి. క్యాష్ అంతా పెట్టెలోని తెరమీద కదిలే కొండ బొమ్మలకు వదిలేసింది.

పరీక్ష రోజున పెట్టెలో ఇసుక బస్తాలు వేశారు. తెరమీద బొమ్మలు చకచకా కదిలాయి. అంతలో గాలి వీస్తోందని సంకేతం ఇచ్చారు. బ్రేకు ఆదేశాలను బొమ్మలు ఎప్పుడో బయటికి తోసేశాయి. వాటిని తెచ్చుకునేసరికి పెట్టె ఆగవలసిన గీత దాటిపోయింది.

"బస్తాలు కనుక సరిపోయింది," అన్నారు సర్వోత్తమరావుగారు. "ఇందులో మీ నాయనమ్మగారిని ఎలా ఎక్కించను?"

అలివేణి ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. అక్కడ ఇంట్లోని పిల్లలు ఖాళీ విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు.

"నైవేద్యం ఇంకా కాలేదా నాయనమ్మా?" అని అడిగింది అలివేణి.

"ఎలా అవుతుందే? నా మడిచీర పక్కన నీ చున్నీలు ఆరేశావుగా! తగిలి మడి పోయింది. మళ్లీ తడిపాను. అది ఆరాలి, నేను కట్టుకోవాలి, అప్పుడు వంట."

"దండెం సగం ఖాళీగా ఉందనే ఆరేశాను!"

"ఖాళీ కాదే పిచ్చిపిల్లా, నాకోసం కాచుకుని ఉంది. ఇంటినిండా చుట్టాలొచ్చినా ఆ దండెం ఎవరికీ ఇవ్వను."

అలివేణి దండెం వంక ఒక్క క్షణం చూసింది. గబుక్కున నాయనమ్మను వాటేసుకోబోయింది.

"ముట్టుకోకు!" అని అరిచింది నాయనమ్మ. పిల్లలు ఆకలి మరిచి నవ్వారు.

మర్నాడే అలివేణి క్యాష్‌లో కొంత భాగం బ్రేకుకని కేటాయించి, మరేదీ అందులోకి రాకుండా తాళం పెట్టింది. పరీక్షలు మళ్లీ మళ్లీ చేశారు. పెట్టె ప్రతిసారీ గీత లోపలే ఆగింది.

ప్రారంభం రోజున మొదటి పెట్టెలో అలివేణి పక్కన నాయనమ్మ దర్జాగా కూర్చుంది. సగం దారిలో గాలి విసిరింది. పెట్టె మెత్తగా ఆగింది.

"ఏమే, తెరమీద కొండ బొమ్మ ఇంకా సగమే వచ్చిందేం?" అంది నాయనమ్మ.

"బ్రేకు ముందు, బొమ్మ తర్వాత నాయనమ్మా!"

"పోనీలే, కిటికీలోంచి అసలు కొండే కనిపిస్తోందిగా!" అని ఆవిడ రెండు చేతులూ జోడించింది. గాలి తగ్గాక పెట్టె స్వామి సన్నిధికి కదిలింది.

నీతి: ఆపదలో ఆదుకునేదానికి రోజూ పని లేకపోయినా, దాని చోటు దానికి ఎప్పుడూ ఉంచాలి.