తూర్పు గోడ లేని తీగమ్మ గుడి

నల్లమల అంచున ఉన్న తీగలపెంటకు వచ్చే భక్తులు ముందుగా అడిగేది ఒక్కటే: మూడు వైపులా ప్రాకారం కట్టి తూర్పున ఎందుకు వదిలేశారని. రాళ్లు చాలలేదని కొందరు హాస్యమాడతారు. ఇక్కడ రాళ్లకేం కొదవ? అసలు కారణం వేరు.

పూర్వం ఇక్కడ చెంచుల పెంట, అంటే వారి గూడెం, తప్ప మరో ఊరు లేదు. అడవితీగ మొదలు దగ్గర వెలసిన నల్లరాతిని వారు తీగమ్మగా కొలిచేవారు. ఒక కరువు ఏట దిగువ పల్లెల వారు కొండెక్కి రాగా, చెంచులు తీగల కింది గడ్డలు తవ్వి, కాల్చి పెట్టి బ్రతికించారు. వచ్చినవారు ఇక్కడే నిలిచిపోయి అమ్మకు గుడి కట్టారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, చుట్టూ గోడ లేపి కడుపు నింపినవారినే బయట నిలబెట్టారు. చెంచులు లోయలోకి తరలిపోయారు. చెప్పుకోవడానికి సిగ్గే గాని, ఆ పని చేసినది మా పూర్వీకులే.

మళ్లీ కరువు వచ్చింది. ఊరివారు గడ్డలన్నిటినీ మొదలంటా పెరికి తిన్నారు. రెండో ఏటికి కొండవాలున ఒక్క తీగ మిగలలేదు. పిల్లలు గుడి మండపంలో ఆకలితో సొమ్మసిల్లి పడి ఉండగా, అర్చకుడు నరహరయ్యకు అమ్మ కలలో కనిపించి, "నన్ను మొదట కొలిచినవాళ్లు ఏరి?" అని అడిగింది.

నరహరయ్య లోయకు దిగి, చెంచు పెద్దావిడ ఈదమ్మ ముందు తల వంచాడు.

"తప్పు మాదే, అవ్వా. పిల్లలకైనా బతికే దారి చెప్పు."

ఆమె గడ్డల బుట్టతో వచ్చింది గాని తూర్పు గోడ దగ్గరే ఆగిపోయింది. "గోడల నడుమ కూసోని అడవిని చెప్పరాదు, సామీ. పిల్లల్ని బయటికి తోలు."

వాకిలి పడమట ఉంది. చుట్టూ తిరిగి నడిచే ఓపిక పిల్లలకు లేదు. నరహరయ్య తానే గడ్డపార పట్టి తూర్పు గోడను పడగొట్టాడు. ఈదమ్మ పిల్లలకు తినిపించి, మట్టిలో గుంత తీసి చూపింది. "గడ్డ తిను బిడ్డా, తీగ అంటిన తల తినకు. తీగతోటే గుంతల పెట్టి మన్ను కప్పు. మీ పెద్దోళ్లు తిన్నరు గాని ఇది అడగలే."

నేటికీ తొలకరి పడిన మొదటి ఆదివారం, ఐదేళ్లు నిండిన పిల్లలు చెప్పులు విడిచి, గోడ పడిన తూర్పు వాలు మీద కూర్చుంటారు. చెంచు పెంట పెద్దలు కథ చెబుతారు. గోడ కట్టిన మాట దాటవేయరు. పిల్లలు తలా ఒక తీగ నాటి, "తప్పు మాదే, అవ్వా" అంటారు.

ఈ చిన్న పుస్తకం రాస్తున్న నా చేత అరవై ఏళ్ల కిందట తీగ నాటించినది ఈదమ్మ మునిమనుమరాలు బయ్యమ్మ. నా వేళ్లు పట్టుకుని మన్ను కప్పించింది. ఆ తడి మట్టి వాసన ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నేను మొండికేశాను: "గోడ నేను కట్టలేదు గదా, అవ్వా!"

ఆమె నవ్వింది. "కట్టలేదులే బిడ్డా. మళ్లీ కట్టనియ్యకు."

బయ్యమ్మ ఇప్పుడు లేదు. ఆ తీగ ఉంది. అక్కడ నాటిన చేతికి అన్నం కరువు రాదని మా నమ్మకం. భక్తులారా, పిల్లలను వెంటబెట్టుకుని తూర్పు నుంచే రండి. అమ్మ చల్లగా చూస్తుంది.