తెరిచిన కళ్ళ సూరాయమ్మ

అనగా అనగా, గోదారి లంకల్లో ఆముదం దీపాలు వెలిగే రోజుల్లో సూరాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఆ చుట్టుపక్కల ఫోటోలు తీసిన మొదటి ఆడమనిషి ఆవిడే. మొగుడు పోతూ పోతూ ఒక ఫోటో పెట్టె, దాని మూడుకాళ్ళ స్టాండు వదిలిపోయాడు.

బతికున్నవాళ్ళని ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని అప్పటి జనం భయం. అంచేత ఎవరైనా పోతేనే ఆవిడకి కబురు. పనయ్యాక ఆవిడ నిలబడ్డచోట పేడనీళ్ళు చల్లేవారు గానీ గుక్కెడు మంచినీళ్ళు ఇచ్చేవారు కాదు. ఏం మనుషులో.

ముసలి మునసబు పోయాడు. పెట్టె మోసుకుని వెళ్ళింది, తీసింది, వచ్చింది. కొత్త పెళ్ళికూతురు పోయింది. పెట్టె మోసుకుని వెళ్ళింది, తీసింది, వచ్చింది. తెరిచిన కళ్ళని ఒక్కసారైనా ఫోటో తియ్యకుండానే పోతానేమోనని పడవలో కూర్చుని దిగులుపడేది. ఒళ్ళూ అలిసింది, మనసూ అలిసింది.

మూడోసారి గౌరమ్మనే బాలింత ఇంటి నుంచి కబురు. పెట్టె మోసుకుని వెళ్ళింది. తీరా చూస్తే గౌరమ్మ బతికే ఉంది. సాయంత్రం దాటదని వైద్యుడన్నాడట. తర్వాత పడవ దొరకదని అత్తగారు ముందే పిలిపించేసింది.

"అరుగు కింద ఆగు. అయ్యాక పిలుస్తాం," అంది అత్తగారు.

ఆ మాట లోపలికి వినబడింది.

"పిన్నీ, ఇప్పుడే తియ్యి," అంది గౌరమ్మ. "నా పిల్ల నన్ను కళ్ళు మూసుకునుండగా చూడకూడదు."

"ఆయుష్షు తగ్గిపోద్దే."

"తగ్గడానికి ఇంకా ఏం మిగిలిందత్తా?"

గోడకి చేరగిలబెట్టి, ఒళ్ళో పిల్లని పెట్టారు. సూరాయమ్మ మూడు లెక్కపెట్టేదాకా గౌరమ్మ రెప్ప వెయ్యలేదు. పొద్దుగూకేసరికి పోయింది.

గౌరమ్మని ఆ ఫోటో పెట్టే మింగేసిందన్నారు జనం. పన్నెండేళ్ళు ఏ గడపా సూరాయమ్మని పిలవలేదు. కూలికి వెళ్ళి బతికింది పాపం.

ఓనాడు గౌరమ్మ కూతురు ఆ ఫోటో పట్టుకుని ఆవిడ గుమ్మంలోకొచ్చింది. అమ్మ ఒళ్ళో తెల్లటి మసక తప్ప ఏమీ లేదు.

"మామ్మా, ఇందులో నేనేనా? మొహం లేదేం?"

"నువ్వు కదిలావు తల్లీ, కదిలితే మసకే పడుద్ది. మీ అమ్మ కదల్లేదు."

పిల్ల అక్కడే కూలబడి ఏడ్చింది. పోయే తల్లి పిల్లకోసం రెప్ప వెయ్యలేదన్న మాట లంకలన్నీ తిరిగింది. ఆ తర్వాత ఒక్కో తల్లీ బిడ్డనెత్తుకుని సూరాయమ్మ గుమ్మానికొచ్చింది.

ఇప్పటికీ అక్కడ బారసాలకి ముందు తల్లీబిడ్డలకి ఫోటో తీస్తారు. తల్లి రెప్ప వెయ్యబోతే పక్కనున్న ముసలమ్మలు అంటారు, "కాస్త ఓర్చుకోవే, రేప్పొద్దున పిల్ల చూస్తుంది."