ఉత్పలమాలలో పట్టని పేరు

కేశవావధానుల దగ్గర ఛందస్సు చదువుకుంటున్న గౌరీపతికి ఆ సాయంత్రం అన్నం సహించలేదు. తప్పున్న పద్యాన్ని గురువుగారు తప్పు లేదన్నారు.

ఆ పద్యం తిరుమలమ్మది. చిన్నతనంలో ఆయన దగ్గరే పద్యాలు నేర్చుకున్న మనిషి. నిరుడు ఆమె ఆరేళ్ళ కొడుకు జ్వరంతో పోయాడు. వాడి మీద ఒక ఉత్పలమాల కట్టుకుని వచ్చి, అరుగు పక్కన నిలబడి చదివింది.

"వాడు పోయి ఏడాది కావస్తోంది. ఆ రోజు చదువుకుందామని. తప్పులుంటే దిద్దండి, అయ్యవారూ."

"దిద్దాల్సిందేమీ లేదమ్మా," అన్నారాయన. ఆమె కళ్ళొత్తుకుని వెళ్ళిపోయింది.

గౌరీపతి ఆగలేకపోయాడు. "యతిప్రాసలు సరిపోయాయి. కరుణరసం బాగానే పండింది. కానీ మూడో పాదంలో పిల్లవాణ్ణి పేరుపెట్టి 'ఓబన్నా' అంది. మూడక్షరాలూ గురువులే. ఉత్పలమాల పాదంలో రెండు గురువులే పక్కపక్కన రావు కదా! మీరు గమనించలేదా?"

"గమనించాను," అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

పెద్దవారయ్యారు, జాలిపడ్డారు అనుకున్నాడు గౌరీపతి. శాస్త్రం పక్షాన ఎవరో ఒకరు నిలబడాలి. మర్నాడు పొద్దున్నే 'ఓబన్నా' తీసేసి 'నందనా' అని పెట్టి, తిరుమలమ్మ ఇంటికి వెళ్ళి రాగం తీసి చదివి వినిపించాడు.

బియ్యం చెరుగుతున్న ఆమె చేట పక్కన పెట్టి, తలూపుతూ విన్నది.

"చక్కగా ఉంది. మా ఓబన్న లేడేం, నాయనా?"

"ఆ పేరు ఈ వృత్తంలో పట్టదమ్మా. గణం చెడుతుంది."

"ఎక్కడ పెట్టినా పట్టదా?"

"పట్టదు."

ఆమె చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"అయితే తప్పు నాదే," అంది. "వాడికి పట్టే పేరు పెట్టుకోవాల్సింది."

గౌరీపతి తిరిగొచ్చి జరిగింది చెప్పాడు. "మళ్ళీ వెళ్తాను, గురువుగారూ. ముందుదే బాగుందని చెప్తాను. మీ మాటగా చెప్తాను."

అవధానులు కోప్పడలేదు. "ఆమె పద్యం, ఆమె చదివినట్టే ఒక్కసారి చదువు," అన్నారు.

మొదలుపెట్టాడు. రెండు పాదాలు సాఫీగా నడిచాయి. మూడో పాదంలో, పిల్లవాడి పేరు దగ్గర నాలుక తడబడింది. ఆగిపోయాడు.

"ఇక నుంచి ఆమె కూడా అక్కడే ఆగుతుంది," అన్నారు గురువుగారు.